కాలు తియ్యి నాయనా

మా బావ నరసింహమూర్తి కారు నడుపుతుంటే పక్క సీట్లో కూర్చోవడం నాకో శిక్ష. దుబాయ్ వచ్చినప్పటి నుంచీ ఏళ్ళ తరబడి ఆ శిక్ష అనుభవించాను. అందరూ వెళ్ళే రోడ్డు మీదే వెళ్తాడు, కాకపోతే అందరూ వెళ్ళిపోయాక వెళ్తాడు. వెనకవాడు లైట్లు కొడతాడు, హారన్ కొడతాడు, చివరికి విసుగెత్తి పక్కనుంచి దూసుకుపోతూ మా వైపు చెయ్యి విసిరి ఏదో అంటాడు. ఆ మాట ఏ భాషదైనా అర్థం మాత్రం నాకు బాగానే తెలుస్తుంది. బావకి చీమ కుట్టినట్టయినా ఉండదు. "తొందరేముందిరా శేషూ," అంటాడు. నాకు తొందర ఉంది. పుట్టినప్పటి నుంచీ ఉంది.

అలాంటి మనిషి కిందటి జనవరిలో ఒక శనివారం పొద్దున్నే రేసు ట్రాక్ మీద కారు నడపడానికి బయల్దేరాడు. ఎందుకు బయల్దేరాడో ముందు చెప్పాలి, లేకపోతే ఆ రోజు నేను పడ్డ చిరాకు మీకు అర్థం కాదు.

బావది సామర్లకోట. దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్క్‌లో ఒక సరుకు రవాణా కంపెనీలో తలనెరిసేదాకా పనిచేశాడు. కంపెనీ వ్యాన్లూ పికప్‌లూ ఎమిరేట్స్ అంతా తిరుగుతుంటాయి. అవి ఎక్కడున్నాయో, ఎంత వేగంతో పోతున్నాయో బావ ముందున్న కంప్యూటర్ తెర మీద కనబడుతుంది. ఏ బండైనా గంటకి నూట ఇరవై కిలోమీటర్లు దాటిందంటే ఆ కంప్యూటర్ టింగ్ టింగ్ మంటుంది. వెంటనే బావ ఫోన్ ఎత్తుతాడు. ఎత్తి, తిట్టడు, అరవడు. "కాలు తియ్యి నాయనా," అంటాడు. అంతే. హిందీ వాళ్ళకి హిందీలో చెప్పేవాడు. మలయాళీలకి తెలుగులోనే చెప్పేవాడు, వాళ్ళే నేర్చుకున్నారు. డ్రైవర్లందరూ ఆయనకి 'కాలు తియ్యి సార్' అని పేరు పెట్టుకున్నారు. ఆ పేరు ఆయనకి తెలుసు, పట్టించుకోలేదు.

ఇంట్లో కూడా అదే వరస. మా మేనల్లుడు సైకిల్ తొక్కినా, మా అక్క మిక్సీ గట్టిగా తిప్పినా అదే మాట. ఒకసారి టీవీలో ఎవరో పరుగు పందెంలో పరుగెత్తుతుంటే ఆ మాట అన్నాడు. నేను నవ్వాను గానీ ఆయన సరదాకి అనలేదు. ఆ మాట నోట్లోంచి దానంతటదే వచ్చేస్తుంది.

దీనికో కారణం ఉంది. అది బావ నాకెప్పుడూ చెప్పలేదు, అక్క చెప్పింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో పీరా అనే డ్రైవరు ఫుజైరా రోడ్డు మీద ప్రమాదంలో పోయాడట. అప్పటికి ఈ తెరలూ గంటలూ లేవు. గుర్తుపట్టడానికి ఆస్పత్రికి వెళ్ళింది బావే, మదనపల్లెలో ఉన్న పీరా తల్లికి ఫోన్ చేసి చెప్పిందీ బావే. ఆ తర్వాత బండ్లన్నిటికీ గంట పెట్టించమని ముదీర్, అంటే కంపెనీ మేనేజరు, వెంటపడి, పెట్టించేదాకా ఊరుకోలేదట. అక్క ఇదంతా చెప్పాక కొన్నాళ్ళు ఆయన కార్లో నోరు మూసుకుని కూర్చున్నాను. తర్వాత మళ్ళీ మామూలే.

ఇక బావ సొంత కారు. పాత తెల్ల కారు, గల్ఫ్ దేశాల కోసం చేసిన రకం. అప్పట్లో ఈ కార్లలో డ్యాష్‌బోర్డు లోపల ఒక గంట పెట్టేవారు. ముల్లు నూట ఇరవై దాటితే టింగ్ టింగ్ మని మొదలుపెట్టి, వేగం తగ్గేదాకా ఆపదు. ఆ కారు కొన్నప్పటి నుంచి బావ ఒక్కసారి కూడా ఆ గంట మోగించలేదు. ముల్లు ఆ దరిదాపులకి వచ్చేసరికి ఆయన కాలు పైకి లేచేది.

డిసెంబరులో ఉద్యోగం ముగిసింది. వీసా రద్దు చేసుకుని సామర్లకోట వెళ్ళిపోవాలి. వీడ్కోలు చాయ్ రోజున మల్లేశ్ అనే డ్రైవరు, జగిత్యాల దగ్గర పల్లెటూరి మనిషి, బావ చేతిలో సమోసా పెడుతూ అడిగాడట. "సారూ, ఇన్నేండ్ల సంది మా అందరి కాళ్ళు తీపిచ్చినవ్. నీ బండిల గంట ఎన్నడన్న మోగిందా?" బావ లేదన్నాడు. "ఒక్కపారి గుడ ఇనలేదా? మరి దుబాయ్ల ఏం జూసినట్టు సారూ?" అన్నాడట మల్లేశ్. అందరూ నవ్వారు. బావ కూడా నవ్వాడు. కానీ ఆ మాట ఆయన్ని పట్టుకుని వదల్లేదు.

మర్నాడే నాకు ఫోన్. "శేషూ, ఆ గంట ఒక్కసారి మోగించాలిరా. మోగుతుంటే కాలు తియ్యకుండా కాసేపు నడపాలి. కారు పోయేలోగా."

"దానికేం బావా, అబుదాబి రోడ్డెక్కు. అక్కడ నూట నలభై దాకా పోనిస్తారు. అరగంటలో అయిపోతుంది."

"రోడ్డు మీద కాదు."

"తప్పు కాదు బావా, ప్రభుత్వమే పోనిస్తుంది!"

"రోడ్డు మీద వద్దని ఇన్నాళ్ళూ ఊరందరికీ చెప్పి, వెళ్ళిపోయే ముందు నేను చెయ్యనా? అది కాదుగానీ, ఉమ్ అల్ క్వైన్ అవతల చిన్న రేసు ట్రాక్ ఒకటుందిట. ఎవరి కారు వాళ్ళు తెచ్చుకుని నడుపుకోవచ్చుట. శనివారం పేరు రాయించాను. నువ్వు కూడా రా. మీ అక్కకి చెప్పకు."

శనివారమే ఎందుకంటే, ఆదివారం కారు కొనుక్కున్న మలయాళీ వచ్చి తీసుకుపోతాడు. ఆ వారంలోనే బావకి విమానం. ఆ ఒక్క రోజు దాటితే ఆ కారు లేదు, ఆ గంటా లేదు. ఆ సంగతి తెలుసు కాబట్టే ఒప్పుకున్నాను. లేకపోతే వారంలో నాకు దొరికే ఒక్క నిద్ర పొద్దుని వదులుకునే రకం కాదు నేను.

మా అక్క బాలత్రిపురసుందరికి చెప్పకూడదన్నది మొదటి మెట్టు మీదే బోర్లాపడింది. శనివారం పొద్దున నేను కరామాలో వాళ్ళ బిల్డింగు కిందికి వెళ్ళేసరికి ఆవిడ పట్టుచీర కట్టుకుని వెనక సీట్లో కూర్చుని ఉంది. పక్కన పులిహోర డబ్బా.

"ఏదో కార్ల పోటీ చూడ్డానికి వెళ్తున్నారటగా. ఉమ్ అల్ క్వైన్ వైపేగా! తిరిగొచ్చేటప్పుడు దారిలో కరుణకి ఆవకాయ ఇచ్చేద్దాం," అంది.

కరుణ అక్కడ ఒక ఆస్పత్రిలో నర్సు. అక్కకి ఎమిరేట్స్ నిండా ఇలాంటి కరుణలున్నారు. ఊర్నించి ఎవరొచ్చినా పచ్చళ్ళూ కారప్పొడులూ అక్క ఇంట్లో దిగుతాయి, అక్కడి నుంచి పంపకం. ఇప్పుడు ఇల్లు ఖాళీ చేస్తోంది కాబట్టి మిగిలిన ఆవకాయ కూడా పంపకంలోకి వచ్చింది. బావ నా వైపు చూశాడు. నేను ఆకాశం వైపు చూశాను. ఆకాశం కనబడలేదు, పొగమంచు.

ఆ పొగమంచులో బావ కారు నడిపిన తీరు చెప్పడానికి నా దగ్గర మాటల్లేవు. నడిచి వెళ్ళినా ముందే చేరేవాళ్ళం. షార్జా దాటేసరికే నా ఒళ్ళు మండిపోతోంది. వెనకనుంచి అక్క, "మంచులో తొందరెందుకండీ, మెల్లిగా పోనివ్వండి," అంటోంది. ఇంతకంటే మెల్లిగా పోనిస్తే వెనక్కి వెళ్తాం అన్నాను. ఎవరూ పట్టించుకోలేదు.

ట్రాక్ చేరాం. మంచు తగ్గేదాకా ఎవర్నీ వదలరట. ఎడారిలో ఒక రేకుల షెడ్డు, నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు, చుట్టూ నేలకి అంటుకుపోయినంత కిందుగా ఉన్న కార్లు. ఒక్కోటి సింహంలా గాండ్రిస్తోంది. వాటి మధ్య మా బావ తెల్ల కారు కుస్తీ గోదాలోకి దారి తప్పిన పురోహితుడిలా నిలబడింది. ట్రాక్ వాళ్ళ అమ్మాయి వచ్చి ఇంగ్లీషులో నియమాలు చెప్పింది. ఏ జెండా ఊపితే ఏం చెయ్యాలో బావ ప్రశ్న మీద ప్రశ్న వేసి మరీ తెలుసుకున్నాడు. మిగతా కుర్రాళ్ళు ఫోన్లు చూసుకుంటున్నారు. నాకు తల కొట్టేసినట్టయింది.

అక్కడే అక్కకి సంగతి తెలిసిపోయింది. హెల్మెట్ బావ చేతికిచ్చారు మరి.

"మీరు తోలతారా?" అంది.

బావ తల వంచుకున్నాడు. "ఒక్కసారి సుందరీ. గంట మోగించి వచ్చేస్తాను."

ఇక రాద్ధాంతమే అనుకుని నేను రెండడుగులు వెనక్కి వేశాను. అక్క కాసేపు ఆయన మొహం చూసింది. "ఆ మాట ముందే చెబితే దిష్టి తీసి పంపేదాన్నిగా," అంది. మా అక్క నాకెప్పటికీ అర్థం కాదు.

మంచు విడిపోయాక కార్ల తనిఖీ మొదలైంది. తనిఖీ చేసే పెద్దాయన గళ్ళ రుమాలు తలకి చుట్టుకున్నాడు, గడ్డం తెల్లగా ఉంది. పేరు ఫకీర్ సాహెబ్ అని చొక్కా మీద రాసి ఉంది. ఎవరి మొహమూ చూడడు, హిందీలో ముక్తసరిగా మాట్లాడతాడు. "గాడీ మే కుఛ్ నహీ రహనా. సబ్ నికాలో," అన్నాడు. కార్లో కదిలే వస్తువు ఒక్కటీ ఉండకూడదట. తివాచీలు తీశాం, నీళ్ళ సీసాలు తీశాం, పులిహోర డబ్బా తీశాం. డిక్కీ తలుపెత్తి ఖాళీగా ఉందని చూపించాం. ఆయన వేలు డ్యాష్‌బోర్డు మీది వినాయకుడి దగ్గర ఆగింది.

"యే భీ."

"అంటించి ఉంది సాబ్," అన్నాను నా హిందీలో. "కదలదు."

"కదలనివే ఎగిరి తలకి తగుల్తాయి," అన్న అర్థం వచ్చేలా ఏదో అన్నాడు. నేను వాదనకి దిగాను. బావ నా భుజం పట్టుకుని ఆపి, జేబులోంచి చిన్న కత్తి తీసి, ఆ జిగురు మెల్లగా కోసుకుంటూ కూర్చున్నాడు. మా వెనక కార్ల వరస పెరిగిపోతోంది. ఇంజన్లు గుర్రుమంటున్నాయి. వినాయకుడికి గీత పడకుండా తియ్యాలని ఈయన తాపత్రయం. చివరికి ఊడొచ్చాడు. అక్క రెండు చేతులతో అందుకుని, పట్టుచీర కొంగులో పెట్టుకుని, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది.

"ఆయన లేకుండా ఈ కారు ఎప్పుడూ కదల్లేదురా," అంది నాతో మెల్లిగా. "నువ్వు పక్కనుండు."

ఆ మాటతో నేను కూడా హెల్మెట్ పెట్టుకోవాల్సి వచ్చింది. అది ఎవరి తలకోసం చేశారో, నా చెవులు లోపల మడతపడిపోయాయి.

మా వంతు వచ్చేసరికి ఎండ ఎక్కింది. బావ సీటు సర్దుకున్నాడు, అద్దాలు సర్దుకున్నాడు, బెల్టు లాగి చూసుకున్నాడు, కుడివైపు సిగ్నల్ వేశాడు. రేసు ట్రాక్ మీదకి వెళ్తూ సిగ్నల్ వేసిన మనిషిని అక్కడివాళ్ళు అంతకుముందు చూసి ఉండరు. మొదటి మలుపు. రెండో మలుపు. బావ కాస్త వేగం పెంచాడు, కారు ఒక పక్కకి ఒరిగింది. వెనక ఎక్కడో ఏదో దొర్లినట్టు చప్పుడు. "ఏంట్రా అది?" అన్నాడు. "ఏం లేదు, పోనీ బావా! ఆ మలుపు తిరిగితే తిన్నని దారి," అని అరిచాను.

ఆ మలుపు తిరగలేదు. జెండాల దగ్గర కుర్రవాడు నల్ల జెండా మీద నారింజ చుక్క ఉన్నది ఊపుతూ మా కారునే చూపిస్తున్నాడు. ఆ జెండాకి అర్థం పొద్దున శ్రద్ధగా విన్నది బావ ఒక్కడే. "కార్లో లోపం. వెంటనే ఆపాలి," అని మర్యాదగా పక్కకి తీసి ఆపేశాడు. నాకు ఏడుపొక్కటే తక్కువ.

దిగి చూస్తే కారు వెనక ఎర్రటి నూనె చుక్కలు, ట్రాక్ మీద మేం వచ్చిన దారంతా. అన్ని కార్లనీ ఆపేశారు. ఇద్దరు పరుగెత్తుకొచ్చి ఆ చుక్కల మీద పొడి చల్లి చీపుర్లతో ఊడవడం మొదలుపెట్టారు. కుర్రాళ్ళందరూ హెల్మెట్లు తీసి మావైపే చూస్తున్నారు. మా కారుని తోసుకుంటూ షెడ్డుకి తెచ్చారు.

ఫకీర్ సాహెబ్ నేలమీద పడుకుని కింద చూశాడు. "గియర్ కా తేల్. ఖలాస్," అన్నాడు. గేరుపెట్టెలో నూనె కారుతోంది, ఇక ఈ కారు లోపలికి వెళ్ళదు అని అర్థం.

బావ మొహం చూడలేకపోయాను. "పోయిన వారమే అన్నీ చూపించాను," అన్నాడు. "మంచి కారు సాబ్. ఒక్కరోజు కూడా నన్ను దారిలో వదిలెయ్యలేదు." ఆ మాటకి ఆ పెద్దాయన ఇంకోసారి కిందికి దూరాడు. చాలాసేపు వెతికాడు. నూనె కారేచోట అసలు నూనె ఉండే యంత్రమే లేదట. విసుగ్గా ఒక చుక్క వేలితో తీసి, రుద్ది, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. మళ్ళీ వాసన చూశాడు.

మెల్లగా బయటికొచ్చి కూర్చుని, మొదటిసారి మా మొహాలు చూశాడు. చూసి, తెలుగులో అన్నాడు.

"ఇది ఆవకాయ నూనె గదప్పా!"

నాకు ఏది ముందు అర్థం చేసుకోవాలో తెలియలేదు. పొద్దున్నించీ ఈయనతో నానా తిప్పలూ పడి హిందీ మాట్లాడాం. ఈయన తెలుగాయన! ఆ కోపం సంగతి తర్వాత చూసుకుందామని డిక్కీ తెరిచి, కింద అట్ట ఎత్తాను. స్టెప్నీ టైరు గుంట మధ్యలో ఆవకాయ సీసా పక్కకి పడుకుని ఉంది. మూత ఊడింది. ముక్కలు సీసాలోనే ఉన్నాయి, నూనె మొత్తం గుంటలోకి దిగి, అడుగున ఉన్న చిల్లులోంచి ట్రాక్ మీదకి పోయింది.

"అక్కా!" అన్నాను. గొంతు ఎంత లేచిందో నాకే తెలియదు.

అక్క వినాయకుడితో సహా వచ్చింది. తొంగిచూసి, ముందు, "అయ్యో, నూనంతా పోయిందే," అంది. తర్వాత, "డిక్కీలో ఏమీ ఉండకూడదని ఈ పెద్దాయన నాలుగుసార్లు చెప్పారు. ఇది డిక్కీ కాదుగా, దాని కింద కదా!" అంది.

"అక్కడెందుకు పెట్టావే?"

"పోయినసారి వెనక సీట్లో పెడితే ఒలికింది. కారు కంపు కొడుతోందని ఏడాది పాటు సాధించారు. ఈ టైరు గుంటలో సీసా సరిగ్గా ఇమిడింది, కదలదు కదా అనుకున్నాను. అయినా ఈయన నడిపితే ఎప్పుడైనా ఒలికిందా? నాకేం తెలుసు ఈయన ఇవాళ ఒరగబెట్టి తోలతారని!"

బావ వంగి, ముక్కలు చెదరకుండా సీసా నిలబెట్టాడు. ఆయన కోపం తెచ్చుకోకపోవడం చూసి నాకు ఇంకా మండింది. ఒక మనిషి ఇన్నేళ్ళకి ఒక్క కోరిక కోరుకుంటే, ఒకపక్క మంచు, ఇంకోపక్క జెండాలు, చివరికి ఇంట్లో పచ్చడి! ఆ మాటే అందరికీ వినిపించేలా అన్నాను. అక్క కళ్ళనీళ్ళు పెట్టుకుంది. బావ నా చెయ్యి పట్టుకున్నాడు. "ఊరుకోరా. ఆవిడేం కావాలని చేసిందా?"

ఫకీర్ సాహెబ్‌ది కదిరి అట. అయినా కనికరం మాత్రం ఏమీ చూపించలేదు. "మా ఊరోళ్ళని వదిల్తే రేప్పొద్దున నా ఉద్యోగం పోతాదప్పా," అన్నాడు. "ఆఖరి వంతుకి ముందర కడిగి తెచ్చి సూపియ్యండి. ఒక్క సుక్క కనపడినా గేటు బయటకే. అమ్మా, ఆ ముక్కలు పారేయొద్దు, నూనె కాంచి పోసుకుంటే బాగుంటాయి."

ఇక కడగడం. బావ చొక్కా చేతులు మడిచి గుంటలోకి తల పెట్టాడు, నేను నీళ్ళు మోశాను, అక్క సబ్బు నురగ చేసింది. ఆవకాయ నూనె వదిలించిన వాళ్ళకే తెలుస్తుంది అది ఎంత మొండిదో. కడిగినకొద్దీ ఎర్రగా వస్తోంది. కారం కళ్ళల్లో పడి నేను ఎగిరాను. పక్కనే కుర్రాళ్ళు వంతులవారీగా ట్రాక్ మీదకి పోయి, చెమటలు కక్కుతూ నవ్వుకుంటూ తిరిగొస్తున్నారు. వాళ్ళ నవ్వులు వినబడినప్పుడల్లా బావ ఇంకాస్త గట్టిగా రుద్దేవాడు.

ఆఖరి వంతు పిలిచారు. ఫకీర్ సాహెబ్ కింద దూరి, తెల్ల గుడ్డతో తుడిచి, గుడ్డ వెలుగులో పెట్టి చూసి, తల ఊపాడు. "యల్లా. పో అప్పా. టైము అయిపోతాంది."

నిజంగానే అయిపోతోంది. పొద్దు వాలింది. మేం బయల్దేరేసరికి మిగతావాళ్ళు ఆఖరి చుట్లలో ఉన్నారు. మొదటి మలుపు. రెండోది. పొద్దున మమ్మల్ని ఆపిన కుర్రవాడు ఈసారి జెండా దించుకుని చూస్తున్నాడు. మలుపు తిరిగాం. ఎదురుగా తిన్నని దారి, అటూ ఇటూ ఇసుక, ముందు ఒక్క కారు లేదు.

"ఇప్పుడు బావా!" అని అరిచాను.

నొక్కాడు. నేనెప్పుడూ చూడని విధంగా నొక్కాడు. పాత ఇంజను ముక్కింది, మూలిగింది, తర్వాత ఒక్కసారిగా అందుకుంది. నేను ముల్లునే చూస్తున్నాను. తొంభై. నూరు. వెనక్కి సీటులోకి నొక్కుకుపోతున్నాను. నూట పది. బావ పళ్ళు బిగించి, స్టీరింగు మీదికి వంగాడు. ఆ మొహంలో ముసలితనం లేదు. ఆయన కోరికేదో నాది అయినట్టు, "పోనీ, పోనీ!" అని కేకలు పెడుతున్నాను.

టింగ్.

టింగ్ టింగ్ టింగ్.

మోగింది! ఆ కార్లో ఇన్నేళ్ళు నోరు మూసుకుని ఉన్న గంట మోగింది. నేను చెయ్యెత్తి పైకప్పు మీద గుద్దాను. అప్పుడే నా పక్కనున్న హెల్మెట్ లోంచి ఒక గొంతు వినబడింది. నెమ్మదిగా, ప్రేమగా, ఎప్పటిలాగే.

"కాలు తియ్యి నాయనా."

బావ కాలు లేచిపోయింది.

గంట ఆగింది. కారు నీరసించింది. బావ ఉలిక్కిపడి మళ్ళీ నొక్కాడు, గట్టిగా, రెండుసార్లు. కానీ దారి అయిపోయింది, మలుపు మీదికి వచ్చేశాం. మలుపు దాటేసరికి ఎదురుగా గళ్ళ జెండా. ఖలాస్. ఆ రోజుకి ట్రాక్ మూసేశారు.

కారు నెమ్మదిగా షెడ్డు వైపు తిప్పాడు. నా కోపం ఎవరి మీద తీర్చుకోవాలో తెలియట్లేదు. మంచూ కాదు, ఫకీర్ సాహెబూ కాదు, అక్కా కాదు, ఆవకాయా కాదు. అన్నీ దాటుకుని వచ్చాక, ఆఖరి క్షణంలో ఈ మనిషే. 'ఏం చేశావు బావా! ఆపావు! నువ్వే ఆపేశావు!' అని అరవడానికి హెల్మెట్ పీకి నోరు తెరిచాను.

బావ తన హెల్మెట్ తీశాడు. జుట్టంతా చెమటకి అతుక్కుపోయింది. నా వైపు తిరిగాడు.

"ఎందుకురా కాలు తియ్యమన్నావు?" అన్నాడు.

నేను ఆయన మొహం చూశాను. వేళాకోళం కాదు. నిజంగానే అడుగుతున్నాడు. ఆ మాట తన నోట్లోంచి వచ్చిందని ఆయనకి తెలియదు.

"మోగుతోంది కదరా! మోగుతుంటే ఎందుకన్నావు?" పాతికేళ్ళలో నా మీద బావ గొంతు పెంచడం అదే మొదటిసారి.

రోజంతా ఎవరు అడ్డొచ్చినా ఆగని నా నోరు అక్కడ ఆగింది. ఆ మాట అన్నది నువ్వే అని చెబితే ఈయన సామర్లకోట వెళ్ళి ఏం చేస్తాడు? ఆ గంట గురించి తలుచుకున్నప్పుడల్లా ఏం తలుచుకుంటాడు?

"భయమేసింది బావా," అన్నాను.

"భయమా! పొద్దున్నించీ పోనీ పోనీ అని నా ప్రాణం తీసింది నువ్వేగా!"

"అది వేరు, ఇది వేరు. మలుపు దగ్గరికొచ్చేసింది. నాకు భయమేసింది."

"పిరికి వెధవా," అన్నాడు బావ. అని, తలుపు ధడాలున వేసి దిగాడు.

అక్క వినాయకుణ్ణి పట్టుకుని ఎదురొచ్చింది. "మోగిందా?" అంది.

"మోగింది సుందరీ, బ్రహ్మాండంగా మోగింది! కానీ నీ తమ్ముడు చెడగొట్టాడు. కాలు తియ్యమని ఒకటే గోల."

"నీకేం పోయేకాలంరా?" అంది అక్క నన్ను. "ఆయన ఇన్నాళ్ళకి ఒక్కసారి సరదా పడితే!"

కరుణ ఇంటిదాకా తిట్లు. నూనె లేని ఆవకాయ ముక్కలు ఆ పిల్ల చేతిలో పెడుతూ, నా కథ కూడా చెప్పారు. అక్కడి నుంచి కరామాదాకా మళ్ళీ తిట్లు. బావ ముల్లు నూరుకి ఒక్క గీత ఎక్కకుండా నడిపాడు. వెనకవాళ్ళు హారన్లు కొట్టారు, చేతులు విసిరారు. నేను తొందరగా పోనీ అని ఒక్క మాట అనలేదు.

మర్నాడు మలయాళీ వచ్చి కారు తీసుకుపోయాడు. బావా అక్కా సామర్లకోటలో స్థిరపడ్డారు. బావ మల్లేశ్‌కి ఫోన్ చేసి, గంట మోగిందని, కాలు తియ్యడం తన తప్పు కాదని చెప్పాడట. మొన్న సామర్లకోటలో ఒక పెళ్ళికి వెళ్తే, పరిచయం లేని ఒకాయన నన్ను చూసి, "రేసులో భయపడి మూర్తి గారి కాలు తీయించింది తమరేనా?" అన్నాడు. ఒళ్ళు మండిపోయింది.

"అవునండీ, నేనే," అన్నాను.